థర్మాకోల్ చేతులు

థర్మాకోల్‌తోని ఇంకో రెండు చేతులు చేసుకొని, అమ్మ పాత పట్టుచీర చించి కుట్టుకొని, ముఖానికి పసుపు రంగు పూసుకొని అంతరిక్ష రాణి వేషమేసిన. ముత్తంగి ఫంక్షన్ హాల్ల కామిక్స్ అభిమానుల మేళా. ప్రైజు నాదే అనుకున్న.

ఎంత రాణినైనా ఇస్నాపూర్‌ల షేర్ ఆటోనే దిక్కు. నిలబడి సూస్తుంటె పక్కింటి రాధమ్మత్త వచ్చి, అమ్మవారికి పోసినట్టు నా కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసింది. బూట్లకేసిన వెండి రంగంత కారిపోయింది.

"తల్లీ, మా ఆయన కాంట్రాక్టు నౌకరీ ఈయేడన్న పర్మనెంట్ అయితదా?"

"అత్తా, నేను నిషితను!"

"తల్లి ఏ రూపంల వస్తె ఏంది? చెప్పు."

ఆటో వచ్చింది. పీడ పోతదని "అయితది" అన్న.

మేళాల జడ్జిసారు నన్ను కిందికీ మీదికీ సూసి, "ఎవరమ్మా నువ్వు? నమ్మబుద్ధి అయితలేదు" అన్నడు. ప్రైజు ఆన్‌లైన్ల కొన్న డ్రెస్సుకు పోయింది. ఇంట్ల కుట్టుకున్నోళ్లకు చప్పట్లిచ్చిన్రు.

ఇంటికొస్తె రాధమ్మత్త గడపల కూసోని నవ్వుతున్నది.

"అత్తా, నిజంగనే దేవతననుకున్నవా?"

"నాకు కండ్లు లేవా బిడ్డా? కాంట్రాక్టరు ఏటా 'అయితది' అంటె నమ్ముతనే ఉన్న. వాని నోటికంటె నీ థర్మాకోల్ చేతులే నయమనిపించింది."