అవతలోళ్ల గల్లీ

అక్షరాలు అరవై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి. ఈ కొంచెం రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

"చెల్లె, అవతలి ఒడ్డు నుంచి పడవల వచ్చిన మొండయ్య ఇల్లు ఇదేనా?"

గడపలో బియ్యం ఏరుతున్న యాదక్క చేతులు ఆగిపోయాయి. ఎదురుగా చంకలో సంచితో ఒక ముసలాయన.

మహారాష్ట్ర వైపు ఒడ్డునున్న సిరొంచలో ఆ గల్లీ అంతా తెలంగాణ నుంచి ప్రాణహిత దాటి వచ్చినవాళ్లదే. మగ్గాలతో వచ్చినవాళ్లు, కుమ్మరి సారెలతో వచ్చినవాళ్లు. ఊరు ఇప్పటికీ అవతలోళ్ల గల్లీ అనే అంటుంది.

యాదక్క మనవరాలు సుష్మకు నర్సింగ్ సీటు వచ్చింది. కన్నుమూసిన తాత పందొమ్మిదివందల అరవై ఏడుకు ముందే ఈ ఒడ్డున ఉన్నాడని కాగితం చూపితేనే కులపత్రం, అది ఉంటేనే సీటు. రేపే గడువు. తాత చదివిన బామ్ని బడిలో అడిగితే రిజిస్టర్లు వరదకు తడిసి ముద్దయ్యాయన్నారు.

కిందటేడు ఇలాగే ఒకడు తీపిగా ఆరా తీసి, పక్కింటి వినోద్ పరాయివాడని ఫిర్యాదు పెట్టాడు. అప్పటి నుంచి గల్లీలో ఒకటే కట్టు: ఒడ్డు సంగతి అడిగినవాడికి నోరు విప్పొద్దు.

"నువ్వెవలు?"

"చామోర్షిల ఉంట. మొండయ్య ఇంటోళ్లతోని జర పనుండె."

యాదక్క మొగుడి పేరు ఎన్నడూ పలకలేదు. ఆ రోజు పలికింది.

"మొండయ్యా? ఆ పేరుతోని ఈడెవ్వలు లేరు. మేం మొదటి సంది ఈడోళ్లమే."

"జర యాదిజేస్కో. ఎడమచేత్తోని రాస్తుండె."

యాదక్క మొగుడిది ఎడమచేతి వాటమే. అయినా గొంతు పెంచింది.

"చెప్తె సమజ్ కాదా? ఇగ నడువు!"

ఆయన సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దుగూకే వేళకు సుష్మ గడ్చిరోలి నుంచి వచ్చి ఫైలు మూలకు విసిరింది.

"సీటు పోయిందే అవ్వా. ఈడ అవతలోళ్లంటరు, ఆడికి పోతె మహారాష్ట్రోళ్లంటరు. ఇగ నేనేడికి పోవాలె?"

యాదక్క ఆ ఫైలు తీసి దుమ్ము దులిపింది.

అంతలో బస్టాండు చాయ్ పోచన్న నవ్వుకుంటూ వచ్చాడు.

"పిల్ల పని అయిందా అక్కా? నిన్న ఆ పెద్దమనిషికి నేనే తొవ్వ చూపిస్తి."

"ఆ చాడీకోరునా? ఎల్లగొట్టిన."

పోచన్న నవ్వు ఆగిపోయింది.

"ఎంత పని జేస్తివక్కా! బామ్ని బడిల బావతోని ఒక్క పలక మీద రాసుకున్నోడు, మీరు కాగితం అడిగిన సంగతి బడిల ఇని, తడిసిన రిజిస్టర్లు మూడొద్దులు ఎండల ఆరబెట్టి, అరవై మూడుల బావ పేరు దొరకవట్టి, నకలు మీద పెద్దసారు సంతకం పెట్టిచ్చి తెచ్చిండు."

ఇది రాసింది: లింగక్క, అరవై ఆరేళ్లు. ఇప్పుడు ఉండేది జిమల్‌గట్టలో.