దారానికి సబ్బు

"నాన్నా, స్కోపు పోయింది."

చెవులకు చప్పుడు వినిపించని తొడుగులున్న సీతారామారావుకు అది సోపుగా వినబడింది.

"సోపు పోతే ఆ ఏడుపు మొహం దేనికే? కొత్తది కొందాం," అన్నాడు, రైఫిల్ క్లబ్బంతా తిరిగి చూసేంత గట్టిగా.

యోగిత తండ్రి చెవి తొడుగు లాగి మళ్ళీ చెప్పింది. గుండు కిందికి తగులుతోందని, తుపాకీ మీద గురి చూసే ఆ స్కోపుకున్న ఎత్తు మర తిప్పితే, పైకి వెళ్తూనే పక్కకూ జారుతోంది. పక్కకు సరిచేస్తే మళ్ళీ ఎత్తు చెడుతోంది.

ఎత్తు వేసిన ప్రతిసారీ చిత్తే.

క్లబ్బు జట్టులో మిగిలింది ఒక్క చోటు. దానికి ఇద్దరు: ఊరికి ఈ కొసనున్న క్లెమెంటి నుంచి యోగిత, ఆ కొసనున్న పాసిర్ రిస్ నుంచి హేమమాలిని. వచ్చే ఏటికి యోగితకు జూనియర్ వయసు దాటిపోతుంది. విరామం కాగానే ఆఖరి రౌండు.

పొద్దున స్కోపును తుడిచి బిగించింది సీతారామారావే. రెండువేల సంవత్సరం రాకముందే బ్యాంకు కంప్యూటర్లకు తేదీలు సరిచేసిన చెయ్యి అది. అందుకే అనుమానం తన బిగింపు మీదికి పోలేదు, తయారు చేసినవాళ్ళ మీదికి పోయింది.

అంతలో వెనకనుంచి ఒక ముసలాయన వచ్చాడు. చేతిలో సబ్బు, సబ్బుకు చిల్లు, చిల్లులో దారం. క్లబ్బు బాత్రూం బయటి కుళాయికి కట్టి ఉండేదే.

"సోపు పోయిందన్నారు," అంటూ అందించాడు.

బాత్రూం చూసుకునే మనిషి కాబోలనుకున్నాడు సీతారామారావు. తమ తుపాకీ తలంటు పోసుకోదని చెప్పి, కాస్త తప్పుకోమన్నాడు.

ఆయన తప్పుకోలేదు. యోగితనడిగి సంగతంతా విన్నాడు. ఎదురుగా ఉన్న స్తంభం మేకుకు, తాపీ మేస్త్రీ గోడ నిటారు చూసేందుకు గుండు వేలాడదీసినట్టు, సబ్బును వేలాడదీశాడు.

"తుపాకీ పక్కకు ఒరగకుండా పట్టి చూడమ్మా. స్కోపు లోపలి నిలువు గీత, దారం ఒక్కటిగా ఉన్నాయా?"

"లేవు అంకుల్. గీత ఒరిగింది."

"సరి. స్కోపు వంకరగా కూర్చుంది. తంబీ, స్క్రూలు వదులు చెయ్యి."

తంబీ అనిపించుకున్న సీతారామారావు నోరు బిగించి, స్క్రూలు వదులు చేశాడు. గీత దారంతో కలిసేదాకా యోగిత స్కోపును తిప్పింది. బిగించి, మర తిప్పి కాల్చి చూసింది. ఎత్తు కోరితే గుండు ఎత్తుకే పోయింది.

ఆఖరి రౌండులో ఆమె వెంట్రుకవాసిలో గెలిచింది.

సీతారామారావు ఎగిరి గంతేశాడు. గురి చూసింది కూతురైనా, గురువు ఆ బాత్రూం ఆయనేనని అందరికీ చెప్పి, చప్పట్లు కొట్టినవాళ్ళందరినీ వెంటేసుకుని వెతుక్కుంటూ వెళ్ళాడు.

ముసలాయన సబ్బును మళ్ళీ కుళాయికి కడుతున్నాడు. పక్కనే, సంచీ భుజాన వేసుకుని, ఎర్రబడిన కళ్ళతో హేమమాలిని.

మీలాంటివారు ఇక్కడ పనిచేయడం మా అదృష్టమని సీతారామారావు చేతులు జోడించాడు.

ముసలాయన దారం ముడి బిగించాడు. ఆ అమ్మాయే కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"సోప్ పోయిన అంకుల్ మీరేనా? ఇచ్చి రమ్మని పంపింది నేనే. తాత ఇక్కడ పని చెయ్యరు అంకుల్, నా షూటింగ్ చూడ్డానికి వచ్చారు."