నాన్న చెవుల సంగతి

రైల్వే క్వార్టర్లుండే న్యూ సెటిల్‌మెంట్‌లో మా నాన్న నూకరాజు సంతాప సభ. ఫోర్‌మన్ మాట్లాడుతున్నాడు. నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

పల్లెలో నాగలి వదిలి ఖరగ్‌పూర్ వచ్చిన మనిషి నాన్న. రైల్వే కార్ఖానా బాయిలర్ షాపులో సుత్తితో రివెట్లు కొట్టీ కొట్టీ చెవులు పోయాయి. అన్నానికి పిలవాలన్నా అమ్మ ఆయన చెవిలో నోరుపెట్టి అరవాల్సిందే. ఆయన తర్వాత ఆ సుత్తి పట్టింది నేనే.

ఆ చెవుల మాట ఇవాళ ఈ పెద్దమనిషి నోట రావాలి. ఈయనేమో నోట్లో నోట్లో గొణుగుతున్నాడు. లేచాను.

"ఏటా గొణుగుడు బాబూ? మా నాన్న సెవులెలాగ పోనాయో గట్టిగా సెప్పండి! బయమేటి?"

సభంతా నావైపు తిరిగింది. అమ్మ నన్ను కిందికి లాగి, నా చెవిలో నోరుపెట్టి అరిచింది.

"సెప్పినాడురా నాయనా. రెండుసార్లు సెప్పినాడు, మైకులోనే!"