కనపడనిదాన్ని తూచే మనిషి

ఏం నవ్వుతావోయ్, తక్కెడ ముల్లు మీంచి కన్ను తీయకుండా బెల్లం కొనే గడుసువాడా. నీలాంటి వాళ్ళని పూటకొకణ్ణి బురిడీ కొట్టించి పంపించేసిన మొనగాడు జగన్నాధం.

నరసన్నపేట బస్టాండు ఎదురుగా ఆయన కిరాణా కొట్టు.

దూలానికి వేలాడే తక్కెడలో సరుకు వేసే పళ్ళెం అడుగున లక్కతో ఓ సీసం ముక్క అంటించాడు. సరుకు కొంచెం తగ్గినా ముల్లు సమానంగా నిలబడుతుంది.

ఆ వారం ఊళ్ళో ఒకటే గుసగుస. తూనికల ఇన్‌స్పెక్టరు మామూలు మనిషిలా తిరుగుతున్నాడట. దొరికితే కొట్టు మూతే.

సరిగ్గా అప్పుడే, పాతపట్నం బస్సు కోసం చూస్తున్న కళ్ళజోడాయన వచ్చి అరకిలో బెల్లం అడిగాడు. తూస్తున్నంతసేపూ తక్కెడనే చూశాడు.

ఆ ఇన్‌స్పెక్టరు ఈయనేనేమో అనుకున్నాడు జగన్నాధం. ఏ ఊరు, ఏం పని అని నవ్వుతూ కూపీ లాగాడు.

ఉండేది బొంబాయి, చేసేది తూకాల పని అన్నాడాయన.

“ఏటి తూస్తారు బాబూ?”

“న్యూట్రినో అని ఒక రేణువు. కనబడదు, చేతికి దొరకదు.”

“దొరకందాన్ని ఎలాగ తూస్తారు?”

“అణువులోంచి అదీ, ఇంకోటీ కలిసి బైటికొస్తాయి. రెండిటికీ కలిపి ఎంత శక్తి ముడుతుందో ముందే తెలుసు. కనబడేది ఎంత పట్టుకుపోయిందో చూస్తాం. అది మొత్తం ఊడ్చుకుపోయినప్పుడు కూడా ఏమన్నా తగ్గిందా, ఆ తగ్గిందే దాక్కున్నదాని బరువు.”

జగన్నాధం పళ్ళెం కేసి ఓరగా చూశాడు. దాక్కున్నదట, తగ్గిందట. నాకు కాక ఇంకెవరికి చెబుతున్నాడు?

బల్ల తుడిచి కూర్చోబెట్టాడు. గోలీసోడా కొట్టి ఇచ్చాడు. జీడిపప్పు పొట్లం కట్టాడు. ఆయన సోడా తాగి, పొట్లం వద్దన్నాడు.

లంచం కూడా ముట్టడు, ఇంక నా పని అయిపోయింది అనుకున్నాడు జగన్నాధం.

“ఇంతకీ ఆ దాక్కున్నది దొరికిందేటి బాబూ?” అన్నాడు, గొంతు తగ్గించి.

“ఇంకా లేదు. దొరక్కపోదు.”

బస్సు వచ్చింది. ఆయన బెల్లం పొట్లం అరచేతిలో ఓసారి ఎత్తి చూసి, విప్పి, ముక్క ఒకటి విరిచి బల్ల మీద పెట్టాడు.

“ఎక్కువేసేసారు షావుకారు గారూ. మీకు నష్టం.”

ఇదేదో కొత్త ఎత్తు అనుకుని జగన్నాధం వెనకాలే పరుగెత్తి, బస్సు కండక్టరు కూర్మయ్య చెయ్యి పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గారికి కాస్త నచ్చజెప్పమన్నాడు.

“ఇన్‌స్పెక్టరేటి మావా? మా ఊరి మిషను బళ్ళో సదువుకున్న కృపారావుగారు. నిజంగా అదేదో కనపడందాన్నే తూస్తారట.”

బస్సు కదిలిపోయింది. జగన్నాధం పొట్ట పట్టుకుని నవ్వుతూ కొట్టుకొచ్చాడు. అంత చదువుకున్నవాడి కంటికి కూడా చిక్కని తన సీసం ముక్కను ముద్దుగా తడుముదామని పళ్ళెం కింద చెయ్యి పెట్టాడు.

ఏమీ తగల్లేదు.

తూకం రాళ్ళు వేసే పళ్ళెం కింద పెట్టాడు. తగిలింది.

దసరాకి తక్కెడ దించి, కడిగి, బొట్లు పెట్టి, పూజ చేసి మళ్ళీ కట్టింది తన చేతులే. అటుది ఇటు కట్టేశాయి.

పండగ వెళ్ళినప్పటి నుంచీ తన కొట్టుకి ఇంత జనం ఎందుకు వస్తున్నారో అప్పుడు తెలిసింది. వాళ్ళలో ఎక్కువొచ్చిందని వెనక్కిచ్చిన ఒకే ఒక్క మనిషి, తను దొంగలా వణికిపోయి బస్సెక్కించిన ఆ కళ్ళజోడాయన.