రెండో కొలత

"ఈసారి శిక్షణ గంటలు నిండకపోతే మీ లైసెన్సు పోతుంది బాబా. నా కనుపాపల మధ్య దూరం కొలవండి," అంటూ కళ్లజోళ్లవాళ్లకు తరగతి నడుపుతున్న మొరేనికే అనే యువతి, మోకాళ్లు వంచి దణ్ణం పెట్టి మరీ పెద్దాయనకు స్కేలు అందించింది.

నైజీరియాలోని ఇబాదాన్‌లో ముప్పై ఏళ్లుగా కళ్లజోళ్లు అమరుస్తున్న అడెగోకే మండిపడ్డాడు. "నా కొట్లో పని నేర్చుకున్న పిల్లవి, నాకే పాఠాలా? నీ ముక్కు మీద జోడు ఎవరు చేశారే?"

"మీరే. నిరుడు పెట్టుకున్నప్పటి నుంచీ ఒకటే తలనొప్పి."

శిక్షణకు వచ్చినవాళ్లంతా నవ్వారు. ఆమె జోడు తీసి, వాళ్లకు వీపు పెట్టి అతని ఎదుట కూర్చుంది.

అతను స్కేలు ఆమె ముక్కుకు ఆనించాడు. కుడికన్ను మూసి, ఎడమకంటితో ఆమె ఒక కనుపాప దగ్గర సున్నా నిలిపాడు. ఇక ఎడమకన్ను మూసి, కుడికంటితో రెండో కనుపాప దగ్గర అంకె చదవాలి. ఆ పద్ధతి ఆమెకు నేర్పింది అతనే.

ఎడమకన్ను మూశాడు. తెరిచిన కుడికన్ను ఆమెను దాటి ఎటో చూస్తోంది. అనుమానమొచ్చి మొరేనికే స్కేలుకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

"అరవై రెండు," అన్నాడతను గట్టిగా.

"ఆ కన్ను పోయి ఎన్నాళ్లయింది బాబా?" అని ఆమె గుసగుసగా అడిగింది.

"రెండేళ్లు. చూపు పోగొట్టే కంటి ఒత్తిడి ఉందేమో చూపించుకోమని ఊరందరినీ ఆసుపత్రికి పంపాను. నేను పోలేదు. నా శిక్షణ కాగితం మీద సంతకం పెట్టెయ్, తల్లీ."

"పెట్టను." ఆమె లేచి చెయ్యందించింది. "ఉన్న కన్నైనా మిగలాలి. ఆసుపత్రికి పదండి."

హాలంతా చూస్తోంది. అడెగోకే ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు. అందరికీ వినబడేలా అన్నాడు:

"నా కుడిపక్కన నడువమ్మా. అటు నాకు కనబడదు."