ఇదివరకు చూసిన చోటు

“లే! నిన్నే, మూగనోమూ! అనుమితి అంటే ఏమిటో చెప్పు. చెప్పలేకపోతే రేపు మీ నాన్నని వెంటబెట్టుకుని రా.”

క్లాసంతా కిసుక్కున నవ్వింది. ఆ పేరు పెట్టింది పంతులమ్మే. చివరి బెంచీలో అమ్మాయి లేచి నిలబడింది. నాన్న మాట వినగానే ఆ మొహంలో నెత్తురుచుక్క లేదు. అత్త మీది కోపం దుత్త మీద చూపిస్తున్నానని పంతులమ్మకి తెలుస్తూనే ఉంది. అయినా పొద్దుటినుంచీ నోరు ఆగడం లేదు.

“కనబడేదాన్ని బట్టి కనబడనిది తెలుసుకోవడం, టీచర్.”

“చిలకపలుకులు! కొండ మీద పొగ, దాని కింద నిప్పు... అది పుస్తకంలోది. నీ సొంతంగా ఒకటి చెప్పు.”

“వద్దు టీచర్.”

“అయితే మీ నాన్నతోనే మాట్లాడతాను.”

“చెబుతాను, చెబుతాను! ఆయన్ని మాత్రం పిలవకండి.” అమ్మాయి గబగబా బల్ల దగ్గరకి వచ్చి, పక్కవాళ్లకి వినబడకుండా గొంతు తగ్గించింది. “ఇంత ఉక్కలో మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకొచ్చారు. చెయ్యి లేవక బోర్డుకి అడుగునే రాశారు. ఇలాంటి రోజునే మమ్మల్ని బాగా తిడతారు. స్నానాలగదిలో జారిపడ్డానన్నారు కానీ... మీరు పడలేదు టీచర్.”

పంతులమ్మ చెయ్యి దానంతటదే చేతి గుండీ మీదకి వెళ్లింది. చెవులు వేడెక్కాయి. నలభైమంది పిల్లలు ఏదో జోకనుకుని చెవులు రిక్కించారు. ఈ గుప్పెడంత పిల్ల ముందు తల వాల్చలేక, ఆమె పాఠాన్నే అడ్డం పెట్టుకుంది.

“తప్పు. పొగ కనబడితే చాలదు. పొగా నిప్పూ కలిసి ఉండడం ఇదివరకు ఎక్కడో కళ్లారా చూసి ఉండాలి. వంటింట్లో చూశాం కాబట్టి కొండ మీద చెప్పగలిగాం. మరి నువ్వెక్కడ చూశావు?”

అమ్మాయి కాలి బొటనవేలితో నేల రాసింది. ఈసారి సిగ్గుపడింది తనే.

“మా ఇంట్లో టీచర్. మా అమ్మ కూడా వారానికి రెండుసార్లు స్నానాలగదిలోనే జారిపడుతుంది.”