అసిరయ్య వేసిన వేషాలు

“ఆ బుట్ట మీద సెయ్యెయ్యకు!”

పెళ్ళికొడుకు నాయనమ్మ నీలవేణమ్మ అరిచిన అరుపుకి సన్నాయి ఠక్కున ఆగిపోయింది. పీటల మీదున్న పెళ్ళికొడుకు వెంకీ తలెత్తి చూశాడు. కొత్త వెదురుబుట్టలో పెళ్ళికూతురు హేమ కొబ్బరిబొండం పట్టుకుని కూర్చుని ఉంది. ఆ బుట్ట ఎత్తబోయిన మేనమామ అసిరయ్య వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. హైదరాబాదులో షూటింగు ముగించుకుని, ఇప్పుడే కారు దిగి, తలపాగా చుట్టుకుని తిన్నగా బుట్ట దగ్గరికే వచ్చాడు పాపం.

“ఈడేనా పిల్లకి మేనమావ? మావ సినిమాలోడన్నారు గానీ, ఈడని నాకెవులైనా సెప్పినారేటి? ఈడి సేతులు పడిన బుట్టలోంచి దిగిన పిల్ల మా గడప తొక్కదు.”

ముహూర్తం పావుగంటలో ఉంది. మేనమామ మోసుకురాని పిల్లని పీటల మీద కూర్చోబెట్టడం ఆ పేటలో ఎన్నడూ లేదు. హేమకి ఉన్నది ఒక్కడే మేనమామ.

“పోనీ, నేను మోసెత్తాను,” అన్నాడు హేమ తండ్రి దాలయ్య మెల్లిగా.

“నువ్వూరుకో! తండ్రి మోత్తే దాన్ని పెళ్ళంటారేటి?” అని మొగుణ్ణి కసిరి, లక్ష్మణమ్మ కొంగు బిగించి నీలవేణమ్మ ఎదటికి వెళ్ళింది. “ఏటి సేసినాడత్తా నా తమ్ముడు?”

“ఆడపిల్ల ఉసురు పోసుకున్నాడు. నేను కళ్ళారా సూసినాను.”

పందిట్లో కిసుక్కున నవ్వులు లేచాయి. సంగతి అందరికీ తెలిసిపోయింది మరి. ముసలమ్మ సినిమా చూసి వచ్చి పెళ్ళి ఆపుతోంది! అసిరయ్యకి కూడా నవ్వొచ్చింది. ఇదేం కొత్తా అతనికి? పడవలు తగలబెట్టిన వేషం వేసిన ఏడాది పొందూరు సంతలో ఒకామె అతని చొక్కా పట్టుకుని, మా పడవ డబ్బు కక్కమని కూర్చుంది.

లక్ష్మణమ్మకి మాత్రం నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

“టీవీ సూసొచ్చి నా కూతురి పెళ్ళాపుతావా? మేనకోడల్ని అమ్మీసినోడి ఏసం సూసినావు కామాల!”

“సూసినాను. అది కాదు.”

“అయితే కోడల్ని నూతిలోకి తోసీసిన మావగారు?”

“అదీ సూసినాను. అదీ కాదు.”

“అన్నీ సెడ్డవే సూసినావా? గాలివానలో ఏరు ఈదుకుపోయి పురుడు పోసిన డాక్టరెవుడు? నా తమ్ముడు కాదా? సొంత కొడుక్కే ఉరిశిచ్చ రాసిన జడ్జీ ఎవుడు? గుడ్డిపిల్లకి తన రెండు కళ్ళూ ఇచ్చీసిన పోస్టుమేను ఎవుడే?”

“ఇచ్చీసి, మరుసటి సినిమాలో సుబ్బరంగా సూసుకుంటా తిరిగినాడు,” అన్నారెవరో వెనకనుంచి. పందిరంతా గొల్లుమంది.

“నవ్వండి! నవ్వండి! మీ ఇంట్లో ఆడపిల్లయితే తెలుస్తాది,” అని నీలవేణమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

అసిరయ్య బుట్ట అంచు వదలకుండానే తలెత్తాడు. శుభ్రమైన సినిమా తెలుగులో నెమ్మదిగా చెప్పాడు. “పెద్దమ్మా, అరవై రెండు వేషాలు వేశాను. దొంగనయ్యాను, ఎస్సైనయ్యాను, పూజారినయ్యాను. పదహారు సినిమాల్లో చచ్చిపోయాను కూడా. మీరు అన్నీ చూశారంటే నాకు సంతోషమే. ఏ వేషానికి కోపమొచ్చిందో చెప్పండి, మీ కాళ్ళకి దండం పెట్టి మరీ బుట్ట ఎత్తుతాను.”

“అన్నీ సూసినాన్రా. నీ మొకం కనపడిన సినిమా ఒక్కటీ వదల్లేదు.”

“మావా, నా కాళ్ళు తిమ్మిరెక్కుతన్నాయి,” అంది హేమ బుట్టలోంచి.

ఆ మాటతో లక్ష్మణమ్మకి ఓపిక చచ్చిపోయింది. “ఇదిగో అత్తా! ఏసానికీ నిజానికీ తేడా తెలీని మడిసివి నువ్వు. ఏ సినిమాయో నలుగుర్లో సెప్పు. సెప్పలేకపోతే నోర్మూసుకుని కూకో. ముహూర్తం దాటిపోతన్నాది!”

నీలవేణమ్మ గొంతు తగ్గింది. కోపం తగ్గలేదు.

“శివరాత్రికి శ్రీముఖలింగంలో నాటకమాడ్డానికొత్తాడు. గుడెనకాల, వంశధార ఒడ్డున, ఒక పిల్ల మెళ్ళో పసుపుకొమ్ము కట్టీసి, ‘బస్సుకి టిక్కెట్లు తెత్తాను, ఇక్కడే కూకో’ అంటాడు. పొద్దు గూకిపోతాది. ఆ పిల్ల లెగదు. అక్కొచ్చి రెక్కట్టుకు లాగినా లెగదు. ‘ఆడొత్తాడే, టిక్కెట్లకెల్లినాడు’ అంటాది. ఈడు రాడు. అదీ ఈడి ఏసం!”

పందిట్లో ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఈ సినిమా ఎప్పుడొచ్చిందే అంటే, నాకేటి తెలుసునే అనుకున్నారు.

“ఓస్, ఇంతేనా!” లక్ష్మణమ్మ ఊపిరి పీల్చుకుని తమ్ముడి వైపు తిరిగింది. “ఇది నేనూ సూడలేదురా! ఏడుపొచ్చీసేట్టున్నాది. ఆ పిల్ల ఏసం ఎవులేసినార్రా?”

అసిరయ్య బుట్ట అంచు మీంచి చేతులు తీసేశాడు.

“ఎవులూ ఎయ్యలేదక్కా. ఆ పిల్ల ఈయమ్మ కడగొట్టు సెల్లెలు.”